శోకగీతముపై మక్కువ దోషమా?

మానవుడు సుఖమును కోరును, దుఃఖమునకు వెరచును. ఇది లోకసహజము. కష్టము రావలెనని దేవునికి మ్రొక్కుకొనువాడు ఎచ్చటను లేడు. అయినను అదే మానవుడు కన్నీరు తెప్పించు పాటను వెదకి వినును. దానిని పాడినవానిని జన్మాంతము మరువడు. తన యింట ఒక్క దినమైనను సహింపజాలని శోకమును పాటలో పదిమార్లు కోరి వినుట యెందులకు? అట్టి పాటపైనను, అట్టి గాయకునిపైనను పెంచుకొను మక్కువ మేలైనదా, మనస్సును చెరచునదా? మేము శాస్త్రములు చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో ముగిసిన చదువు, గుమాస్తాగిరిలో గడచిన జీవితము మావి. అయినను కోయంబత్తూరు, మధుర ప్రాంతముల తెలుగు ఇండ్లలో ఈ ప్రశ్న తరచుగా వినబడునది గనుక, మాకు తోచినది విన్నవించుకొనుచున్నాము.

మన పెద్దల తరమువారికి దేవదాసు పేరు చెప్పిన చాలును. శరత్ బాబుగారి బెంగాలీ నవల 1917లో వెలువడినది. దానిని 1953లో తెలుగునను తమిళమునను చిత్రముగా తీసిరి. రెంటను అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిరి; రెంటను ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిరి. సంగీతము కూర్చిన సి. ఆర్. సుబ్బరామన్ గారు చిత్రము విడుదల కాకమునుపే, 1952లో, చిన్నవయసుననే కీర్తిశేషులైరి. తెలుగు పాటలు సముద్రాల రాఘవాచార్యులవారివి. తమిళ గీతములు వ్రాసినవారిలో ఉడుమలై నారాయణకవిగారు ఒకరు. వారి ఉడుమలైపేట నాడు కోయంబత్తూరు జిల్లాలోనిది. నేడు తిరుప్పూరు జిల్లాలో చేరినది. ఒకే శోకము, ఒకే కంఠము రెండు భాషలలో మనకు లభించినవి. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాటలాడుకొను మనవంటివారికి ఇంతకన్న దగ్గరి పాట యేది? అది త్రాగి చెడి, ప్రియురాలి వాకిట ప్రాణము విడిచినవాని కథ. దానిని విని త్రాగుబోతులైనవారిని మేము చూడలేదు. విని, ఆ రాత్రి ఇంటివారితో మెత్తగా మాటలాడినవారిని చూచితిమి.

ఇక నేటి యువకుల సంగతి. చెవులకు యంత్రములు తగిలించుకొని మన మనుమలు వినుచున్న పాటలలో గాథ్ అను ఆంగ్ల బాణి యొకటి యున్నది. అది 1970ల చివర ఇంగ్లండున పుట్టినది. నార్తాంప్టన్ పట్టణమునకు చెందిన బౌహౌస్ అను బృందము 1979లో ఒక పాటను వెలువరించెను. 1931 నాటి డ్రాకులా చిత్రములో నటించిన బేలా లుగోసీ మరణమును గూర్చినది ఆ పాట. తొమ్మిది నిమిషములకు మించి సాగును. ఈ బాణికి అదియే ఆరంభమని పలువురు చెప్పుదురు. నల్లని దుస్తులు, తెల్లగా పూసిన ముఖము, పాటలో సమాధులు, ఒంటరితనము, చావు. మన ఇండ్లలో పెద్దలు దీనిని చూచి అమంగళమనుట సహజమే. నల్లబట్ట కట్టుకొని శుభకార్యమునకు పోరాదనువారము గదా మనము.

కాని ఒక్క సంగతి ఆలోచింపవలెను. 2007లో ఇంగ్లండులోని లాంకషైరు ప్రాంతమున, ఇట్టి వేషము వేసికొన్న ఇరువది యేండ్ల యువతిని ఒక పార్కులో కొందరు కుర్రవాండ్రు కొట్టి చంపిరి. ఆమె వారికి చేసిన అపకారమేమియు లేదు. వేషము వేరు, పాట వేరు, అంతియే. తరువాత 2013లో మాంచెస్టరు ప్రాంతపు పోలీసువారు ఇట్టి దాడులను ద్వేషనేరములుగా నమోదు చేయ మొదలిడిరి. చావును గూర్చి పాడుకొన్నవారు ఎవరిని చంపిరి? చంపినవారు ఆ పాటను అసహ్యించుకొన్నవారు. కనుక చీకటి పాటలోనే క్రూరత్వమున్నదని తొందరపడి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

మన పూర్వులకు ఈ విషయము తెలియనిది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున కరుణమును రసములలో నొకటిగా నిలిపి, శోకమును దానికి స్థాయీభావముగా చెప్పెను. భవభూతి మరియొక అడుగు ముందుకు వేసి, ఉన్న రసము కరుణమొక్కటియే, తక్కినవి దాని రూపాంతరములే యనెను. క్రౌంచపక్షి దుఃఖమును చూచిన వాల్మీకి శోకమే శ్లోకమైనదని మన మందరము ఎఱిగిన కథయే. యవనదేశమున అరిస్టాటిలును, శోకనాటకము భయమును జాలిని రేపి, వానినుండి మనస్సును తేలికపరచునని చెప్పెను. అభినవగుప్తుని మాటలలో దీని కీలకము మాకు దొరకినది. పాటలో వినబడు దుఃఖము "నాది" కాదు, "వానిది" కాదు, అది అందరిది. "నాది" అను ముల్లు తీసివేసినందుననే అది గ్రుచ్చుకొనక తియ్యనగుచున్నది.

ఈ మాటకు పుష్పవిలాపము సాక్ష్యము. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ఆ పద్యములను ఘంటసాలవారు పాడగా విననివారు మన పెద్దలలో అరుదు. పూజకు పూలు కోయబోయినవానితో పూలు తమ గోడు చెప్పుకొనును. విన్నవారందరును పూలు కోయుట మానిరని మేము చెప్పము. కాని కొమ్మపై చేయి వేయునప్పుడు ఆ చేయి ఒక్క క్షణమైనను ఆగును. ఆ ఒక్క క్షణమే శోకగీతము చేయు ఉపకారము. ఆగని చేతికి ఎంత గొప్ప పాటయైనను వ్యర్థము.

గాయకునిపై మక్కువ మాట కూడ చూతము. తెలుగున దానిని అభిమానమందుము. ఈ మాటలో ప్రేమయు కలదు, గర్వమును కలదు. వేదాంతులు దీనినే "నేను, నాది" అను భావముగా చెప్పి విడువుమందురు. ప్రేమగా మొదలైన అభిమానము గర్వముగా మారుట చాల సులభము. "మావాడు", "మా భాషవాడు" అనుట మొదలు పెట్టినంతనే పాట వెనుకబడును, పంతము ముందు నిలుచును. మధురలో 1922లో పుట్టిన టి. యం. సౌందరరాజన్ గారి ఇంటిభాష సౌరాష్ట్రము. తమిళుల దుఃఖమునకు గొంతైనవారిలో ఆయన అగ్రగణ్యుడు. అదే మధురలో 1916లో పుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారిది తెలుగు ఇల్లు కాదు. అన్నమాచార్యుని మాట ఆమె నోట ఇంటింటికి చేరినది. కంఠమునకు కులమును భాషను అంటగట్టువాడు ఎక్కడో పాటను వినుట మానినవాడు.

అభిమానమునకు ఆదర్శము కావలెనన్న బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలచుకొందము. ఆమె (1878–1952) తాను పాడి ఆర్జించిన ధనమును తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించుటకు వెచ్చించెను. ఆరాధనలో స్త్రీలు పాడరాదన్న కాలమున, వారికొరకు పట్టుబట్టెను. తాను ప్రేమించిన పాట తనవంటి మరికొందరికి అందవలెనని ఆమె కోరిక. ఇట్టి అభిమానము తలుపు తెరచును. పంతము తలుపు మూయును.

ఇచ్చట మన సంఘము ఎదుట ఒక ప్రశ్న నిలుచుచున్నది. కోయంబత్తూరు సీమలో తెలుగు ఇంటిభాషగా గలవారు నాయుళ్లు, కంబళత్తు నాయకులు మాత్రమే కారు. అరుంధతీయులలోను పెక్కుమందిది తెలుగే. చావింట తప్పెట వాయించువారిలో వారును కలరు. తరతరములుగా మన ఇండ్ల దుఃఖమునకు వారి చేతులు లయ కట్టినవి. వెండితెరపై దేవదాసు చనిపోయినప్పుడు కన్నీరు కార్చిన మనము, మన తండ్రి చనిపోయిననాడు తప్పెట కొట్టినవానిని ఏ గుమ్మమువరకు రానిచ్చితిమి? ఏ పాత్రలో నీరు పోసితిమి? శోకమును ప్రేమించి శోకమును మోయువానిని దూరముంచినచో, మన రసికత కన్నులలో పుట్టి చెక్కిళ్లపైననే ఆరిపోయినదని చెప్పవలెను. మధుర నాయకుల కాలమునుండి (1529–1736) ఇక్కడ పాదుకొన్న తెలుగువారి పేరిట సంచిక వేయునప్పుడు, ఆ తెలుగును కూడ మనదిగా లెక్కించుకొందమని మా మనవి.

ఇక ఇంటికి వత్తము. మన బిడ్డలలో తెలుగు చదువనేర్చినవారు కొందరే. వారి చదువు తమిళమున, ఉద్యోగము ఆంగ్లమున. అయినను ఇంటిలో చావు కలిగిననాడు నోట వెడలు ఏడ్పు తెలుగుననే వెడలును. దుఃఖమునకు భాష కావలెను. ఆ భాష దొరకనివాడు దానిని ఎక్కడనో వెదకికొనును; ఒకడు ఘంటసాలలో, మరియొకడు ఇంగ్లండు చీకటి పాటలో. తెలుగునాట నేడు వీధిలో ఘంటసాల భగవద్గీత వినబడినచో, ఎవరో పోయిరని జనులు ఆగి అడుగుదురు. అట్లే మన ఇంట పిల్లవాని గదినుండి దిగులు పాట వినబడినప్పుడు, ఆపుమని కేకవేయుటకన్న, ఆగి అడుగుట మేలు. "ఏమి నాయనా, ఈ పాటలో నీకు నచ్చినదేమి?" అని ప్రక్కన కూర్చుండి వినవలెను. వాడు తిండి నిద్రలు మాని, మాటలు తగ్గించి, స్నేహితులను విడిచినచో, పాటను నిందించి లాభము లేదు. వాని దుఃఖమును విని, కావలసినచో వైద్యునికి చూపవలెను. అట్లు కానిచో, వాని పాటను వానికి విడిచి, వీలైన యొకనాడు మన పాటను వానికి వినిపింతము. రెండు దుఃఖములు ఒకే చాపపై కూర్చుండినచో ఇంటికి అమంగళమేమియు లేదు.