దారి ఇచ్చినవాడి పాపం

బెర్లిన్‌లో మా అపార్ట్‌మెంట్ కప్పు మీద ఫ్రైఫుంక్ (వాలంటీర్లు నడిపే ఉచిత వైఫై నెట్‌వర్క్) రౌటర్ పెట్టాలనుకున్నాం. సిగ్నల్ కోసం ఎదుటి చర్చి గోపురం అడ్డం లేకుండా కనిపిస్తుందా, కరెంటు ఎవరింటి నుంచి అని మా లెక్కల్లో మేమున్నాం. నాన్న ఫోన్‌లో ఇంకోటి అడిగాడు: "నీ పెట్టె గుండా ఎవడో వెధవపని చేస్తే ఆ పాపం నీకంటదురా?"

జర్మన్ చట్టానికీ ఇదే సందేహం వచ్చింది. వైఫైకి తాళం వేయనివాడూ బాధ్యుడేనని 2010లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. ఫ్రైఫుంక్ వాలంటీర్లు ట్రాఫిక్‌ను స్వీడన్ మీదుగా తిప్పి గట్టెక్కారు. 2017లో చట్టం సడలింది.

మన పెద్దలు పాపపుణ్యాల్ని నలుగురికి పంచారు: చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు. దారి ఇచ్చినవాడు అందులో లేడు. అంతమాత్రాన నేను నిర్దోషినని నిబ్బరంగా ఉండలేను. నా పెట్టె గుండా ఏం పోతోందో తెలియకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం నిర్లిప్తతా, తప్పించుకోవడమా? ఫ్రైఫుంక్ పాటించే పికో పియరింగ్ ఒప్పందం ప్రకారం దాటిపోయే డేటాను అడ్డుకోకూడదు, మార్చకూడదు. చలివేంద్రంలో కులం అడగనట్టు (ఒకప్పుడు అడిగేవారు లెండి). గీత ఫలం వదులుకోమంది. ఇక్కడ తీర్పు చెప్పే సరదా కూడా వదులుకోవాలి, నాకు అదే ఎక్కువ కష్టం.

మా మెట్లవరసలో రెండు ఇళ్ళవాళ్ళకు ఈ వాదం నచ్చలేదు. వాళ్ళు ఒప్పుకునేదాకా కప్పు మీద మేకు కొట్టం.