తలకు నూనె

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలో బడికి బయలుదేరే ఆడపిల్లల జడలకు కొబ్బరినూనె పెట్టే వేళ ఇది. జిడ్డని మానేస్తున్న కాలేజీ పిల్లలూ, కాస్త వినండి. 2003లో మన దేశ పరిశోధకులు రేలె, మోహిలె మూడు నూనెలు పోల్చారు. వెంట్రుకలో ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ తగ్గించలేదు. కొబ్బరిలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది. అందుకే వెంట్రుక లోపలికి దిగుతుంది. చెదిరే జుట్టు అణగడానికి అరచేతిలో రెండు చుక్కలు చాలు.

చుండ్రు సంగతి వేరు. దానికి కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది. రాత్రంతా మాడుకు నూనె పట్టిస్తే చుండ్రు ముదరవచ్చు. అమ్మలూ, పిల్లల మాడు దురద పెడుతుంటే నూనె కొసలకే రాయండి. తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి.