గాయకుని గృహము – గానమునకు గృహము

రామతీర్థమున సీతారామలక్ష్మణులను సేవించి శ్రీకూర్మనాథుని దర్శనమునకు సాగిపోవు యాత్రికులు పలువురు విజయనగరములో ఒక పూట ఆగుదురు. కోటను చూతురు, పైడితల్లి అమ్మవారికి మ్రొక్కుదురు. సంగీతముపై మక్కువ గలవారు ఆ పిమ్మట, "ఆదిభట్ల నారాయణదాసుగారి ఇల్లెక్కడ? ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఎక్కడ నివసించిరి? ఘంటసాలవారు ఏ అరుగుపై కూర్చుండి పాఠము చెప్పించుకొనిరి?" అని అడుగుదురు. ఈ ప్రశ్నలలోని ఆదరము మెచ్చదగినది. కాని వీని వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. మహాగాయకుని గృహమును నలుగురు వచ్చి చూచిపోవు వింతగా మార్చుట ఉచితమా? మార్చినచో మేలు కలుగునది గానమునకా, చూడవచ్చినవారికా, లేక వీథిలో తినుబండారములు అమ్ముకొనువారికి మాత్రమేనా? ఆస్తికులు ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలసిన విషయమిది.

విజయనగరమునకు సంగీతముతో గల అనుబంధము గొప్పది. 1919వ సంవత్సరమున విజయరామ గజపతి మహారాజుగారు ఇచ్చట గానపాఠశాలను నెలకొల్పిరి. చూపులేని యొక బాలునికి సంగీతము నేర్పింపవలెనను తలంపే దానికి బీజమని పెద్దలు చెప్పుదురు. బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడలో 1864లో జన్మించి, హరికథా పితామహుడని కీర్తిగాంచిన నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. ఆ తొలినాళ్లలోనే వాయులీన ఆచార్యులుగా ప్రవేశించిన వేంకటస్వామినాయుడుగారు 1936లో అధ్యక్షపదవిని స్వీకరించిరి. సాలూరు చినగురువుగారని ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రము బోధించిరి. ఆ పాఠశాల నూరేండ్లు దాటి నేటికిని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా సాగుచున్నది. అదే పురమున గురజాడ అప్పారావుగారి నివాసము స్మారకముగా నిలిచియున్నది. కవి ఇంటిని నిలుపుకొన్న ఊరు గాయకుల ఇండ్లను గూర్చియు ఆలోచించుట సహజమే.

ఇండ్లను నిలుపవలెననువారి పక్షమున బలమైన ప్రమాణము కలదు. తీర్థయాత్ర ముగించి వచ్చిన విదురునితో ధర్మరాజు పలికిన పలుకులు శ్రీమద్భాగవతమున ప్రసిద్ధములు. భగవంతుని హృదయమున నిలుపుకొన్న మీవంటివారే తీర్థములు, మీ పాదము సోకుటచేతనే తీర్థములు తీర్థములగుచున్నవని వాని భావము. మనకు నూట యెనిమిది దివ్యదేశములు కలవు. వానికి ఆ పేరు గోపురముల ఎత్తును బట్టి రాలేదు. ఆళ్వారులు పాడుటచేత వచ్చినది. ఆచార్యులు నివసించిన ఇంటిని మనము ఉత్త ఇల్లనము, తిరుమాళిగ అందుము. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులవారి గృహమే గోదాదేవి ఆలయమైనదని సంప్రదాయజ్ఞుల మాట. పాశురములు పాడినవారి ఇల్లే కోవెలయైన సంప్రదాయము మనది. అట్టి మనము గాయకుని గడపకు నమస్కరించుట తప్పని ఎట్లనగలము?

అయితే అచ్చట ఒక విశేషమును గమనింపవలెను. విష్ణుచిత్తులు వటపత్రశాయికి మాలలు కట్టిరి. ఆ ఊర నేటికిని మాలలు కట్టుచున్నారు. తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవనాడు శ్రీవారు ధరించు మాల అచ్చటినుండియే వచ్చును. గోదాదేవి పాడినది, ధనుర్మాసమున ప్రతి ఉదయమును అచ్చట తిరుప్పావై వినవచ్చును. గృహస్థు వెడలిపోయినను గృహకృత్యము ఆగలేదు. అందుచేతనే ఆ ఇల్లు ఆలయమైనది. పని నిలిచిపోయి వస్తువులు మాత్రమే మిగిలినచో ఆ ఇల్లు ప్రదర్శనశాల యగును గాని తీర్థము కానేరదు. నారాయణదాసుగారి వంటి భాగవతుని చిడతలను అద్దాల బీరువాలో ఉంచవచ్చును. కాని బీరువాలోని చిడతలు మ్రోగవు గదా!

ఈ భేదమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని. కొన్నియేండ్ల క్రిందట బంధువులతో గోలకొండకు పోయితిని. భద్రాద్రి రాముని కోవెల కట్టించి తానాషా కొలువున శిక్షననుభవించిన కంచెర్ల గోపన్నను ఉంచిన చెరయని ఆ కోటలో ఒక చీకటి గదిని చూపుదురు. గోడపై దేవతామూర్తులు చెక్కబడియున్నవి. మేము లోనికి పోయితిమి, "ఎంత చీకటి!" అనుకొంటిమి, ఒకరి ప్రక్క నొకరు నిలిచి ఛాయాచిత్రములు తీసికొంటిమి, వెనుకనున్నవారు తొందర చేయగా వెలుపలికి వచ్చితిమి. ఇల్లు చేరి రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు గుర్తునకు వచ్చినది. మాలో నలుగురికి రామదాసు కీర్తనలు వచ్చును. ఆ గదిలో ఒక్కరి నోటను ఒక్క పదమైనను రాలేదు. మమ్ము పాడవద్దని ఎవరును అనలేదు. చూచుటకు పోయితిమి గనుక చూచి వచ్చితిమి, అంతియే. ఆ రాత్రి కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఇది మన దేశమునకే పరిమితమైన చిక్కు కాదు. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ నగరములో మొజార్ట్ అను సంగీతకర్త 1756లో జన్మించిన ఇల్లు కలదు. 1880లోనే దానిని ప్రదర్శనశాలగా తెరచిరి. లోకము నలుమూలలనుండి జనులు వత్తురు. ఆయన బొమ్మగల చాకొలెట్టు ఉండలు ఆ నగరపు వీథులలో అమ్ముదురు. కాని యౌవనమున ఆయన ఆ ఊరి కొలువులో ఇమడలేక 1781లో తెంచుకొని వియన్నా నగరమునకు పోయెను. 1791లో కన్నుమూసినప్పుడు పాతిపెట్టిన చోటు ఇదియని గుర్తైనను మిగులలేదు. బ్రదికియుండగా నిలుపుకొనలేకపోయినవానిని పోయిన పిదప గోడలలో నిలుపుకొనుట లోకరీతి. అయినను అచ్చటివారిని పూర్తిగా నిందింపరాదు. ఆయన సంగీతము నేటికిని ఆ నగరమున వినిపించుచున్నది. ఇల్లును నిలిపిరి, పాటను విడువలేదు.

ఇక రెండవ పక్షమువారు కలరు. పాట చాలును, ఇటుకలు, దూలములు ఏల అని వారందురు. తన భక్తులు గానము చేయుచోటనే తానుందునని శ్రీహరి నారదునితో పలికెనను ప్రసిద్ధి వారికి ఆధారము. సింహాచలమున పదమూడవ శతాబ్దిలో వచనములతో నరహరిని అర్చించిన కృష్ణమాచార్యుల ఇంటిని చూచుటకు నేడు ఎవరు పోవుచున్నారు? ఇల్లు లేకున్నను సింహగిరి వచనములు నిలిచినవి గదా యని వారి వాదము. ఇందు సత్యము కలదు, కాని పూర్ణసత్యము కాదు. పాటకు కూడ ఒక నీడ కావలెను.

తాళ్లపాక అన్నమాచార్యులవారి చరిత్రయే దీనికి నిదర్శనము. 1408లో జన్మించి 1503లో పరమపదించిన ఆ మహనీయుని సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి శ్రీవారి ఆలయములో సంకీర్తన భాండారమను చిన్నగదిలో భద్రపరచబడినవి. ఆ రాతిగదియే లేకున్న ఆ సంపద మనకు దక్కెడిది కాదు. కాని ఆ గదియొక్కటే ఉన్నంతకాలము, తరములకొలది ఆ పాటలు మూగవోయియున్నవి. ఇరువదవ శతాబ్దిలో రేకులు వెలికివచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారు పరిష్కరించి, స్వరములు కూర్చిన పిదపనే అవి ఇంటింటికి చేరినవి. నేడు రాజంపేట సమీపమున నూట యెనిమిది అడుగుల అన్నమయ్య విగ్రహము నిలిచియున్నది. దారిని పోవువారు తలయెత్తి చూతురు. మంచిదే. కాని అన్నమయ్య బ్రదికియున్నది పసిబిడ్డను నిద్రపుచ్చుచు తల్లి పాడు జోలపాటలో. గది కాపాడును, గళము బ్రదికించును. ఈ రెండింటిలో దేనిని విడిచినను నష్టమే.

మరియొక ధర్మసూక్ష్మము కలదు. గాయకుని గృహము సామాన్యముగా అతని సంతతివారి గృహము. పైకప్పు కురియుచుండగా, వాటాలు పంచుకొనవలసియుండగా, "తాతగారి ఇల్లు ముట్టుకొనవద్దు" అని ఊరివారు దూరమునుండి ఆజ్ఞాపించుట సులభము. కాశీలో గంగయొడ్డున బాలాజీ మందిరమున సాధన చేసిన షెహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ 2006లో గతించిరి. 2020లో ఆయన నివసించిన ఇంటి పైభాగమును కొంత కూల్చగా దేశమంతట కలవరము పుట్టినది. ఆ కలవరము న్యాయమే. కాని అంతకు ముందు పదునాలుగేండ్లు ఆ కప్పు క్రింద ఎవరు ఎట్లు జీవించుచున్నారని మనలో ఎందరము అడిగితిమి? స్మారకము కావలెనన్నచో సమాజము మూల్యమిచ్చి, ఆ కుటుంబము మనసారా సమ్మతింపగా గైకొనవలెను. ఒకరి నట్టింటిని మన భక్తికి ఉచితముగా కోరుట భక్తి కాదు.

ఇప్పుడు మరల విజయనగరమునకు వత్తము. 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యమున సంగీతవిద్యకై ఈ ఊరు చేరిరి. చేత డబ్బు లేదు. జోలె కట్టుకొని ఇంటింట మధూకరమెత్తి ఆకలి తీర్చుకొనిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి విద్య నేర్పిరి. పిమ్మట ఆ గళమున భగవద్గీత వెలువడి తెలుగువారి ఇండ్లన్నింట వినవచ్చినది. ఇందు ఘంటసాలవారి ఇల్లేది? గురువుగారి అరుగా? జోలెలో పిడికెడన్నము వేసిన తల్లుల గడపలా? ఆ గడపలపై ఫలకములు లేవు. ఆ తల్లుల పేర్లు చాలవరకు ఎవరికిని తెలియవు. కాని వారు నాడు తలుపు మూసికొనియున్నచో, నేడు మనము వెదకుటకు ఏ ఇల్లును ఉండెడిది కాదు. గాయకుని గృహము ఒక్క కప్పు కాదు. అతనికి అన్నము పెట్టిన ఊరంతయు అతని గృహమే.

కనుక నిర్ణయమిది. గాయకుల ఇండ్లను నిలుపుకొందము. కాని అచ్చట ప్రతి సాయంకాలము నలుగురు పిల్లలు కూర్చుండి సరళీస్వరములు చెప్పుకొనవలెను. ద్వారమున రుసుము తీసికొన్నచో అది పేదవిద్యార్థి భోజనమునకు పోవలెను. లేని వస్తువులను ఉన్నవని చూపి కల్పనలు చెప్పరాదు; హరికథ చెప్పినవాని ఇంట అసత్యము పనికిరాదు. తిరువాయూరులో శిథిలమైయున్న త్యాగరాజస్వామి సమాధిని చూచి బెంగుళూరు నాగరత్నమ్మగారు తన నగలమ్మి కోవెల కట్టించినప్పుడు, చూడవచ్చువారిని గూర్చి యోచింపలేదు. నిత్యపూజను, పాటను గూర్చి యోచించిరి. జనులు తమంత తామే వచ్చిరి. వరుస ఇట్లుండవలెను: ముందు దీపము, పిదప గానము, ఆ పిదప యాత్ర.

యాత్రికులు చేయవలసినది కూడ కలదు. రాబోవు శ్రీరామనవమికి మీ ఊరి పందిటిలో ఒక భాగవతారును పిలిపించి హరికథ చెప్పింపుడు. గజ్జె కట్టినవానికి ఆ రాత్రి కడుపునిండ అన్నము పెట్టుడు, సంభావన తగ్గింపకుడు. మీ ఊర సంగీతము నేర్చుకొను పేదబిడ్డ ఎవరైన ఉన్నచో వారమునకొక పూట మీ ఇంట విస్తరి వేయుడు. అప్పుడు విజయనగర వీథులలో నిలిచి "నారాయణదాసుగారి ఇల్లెక్కడ?" అని అడుగుటకు మీకు అర్హత కలుగును. ఎవరైన చూపినచో లోనికి పోయి, చెప్పులు విడిచి, చేతనైనంత శ్రుతిలో హరినామమొక్కటి పాడి రండు. గొంతు బాగులేదని సంకోచింపవలదు. ఆ గోడలు అంతకంటె మేలైన పాటలు వినియున్నవి. అయినను పాట లేక ఊరకుండుటకంటె అదియే వానికి ప్రియము.