వోటునకుఁ దీసికొన్న సొమ్మును, ఇచ్చిన మాటయు

"సొమ్ము పుచ్చుకొంటిమి గదా, ఇఁక వేఱొకనికి వోటు వేయుట ధర్మమా?" శాసనసభ యెన్నికలు వచ్చినప్పుడెల్ల మన పల్లెలలో నీ ప్రశ్న వినఁబడుచుండును. దీని నడుగువాఁడు దొంగ కాఁడు; దొంగ యైనచో నడుగనే యడుగఁడు. లంచము పుచ్చుకొన్నవాఁడే మాట తప్పుట పాపమని వెఱచుచున్నాఁడు! పట్టణములలోని విద్యావంతులు కొందఱు దీనిని విని నవ్వుదురు. నాకు నవ్వు రాదు. నీతి యనునది యెట్టి యిఱుకు సందులలోఁ జిక్కుకొని బ్రతుకుచుండునో తెలిసికొనఁ గోరువారి కింతకంటె నాలోచింపఁదగిన ప్రశ్న దొరకుట యరుదు.

2024వ సంవత్సరము మే నెల 13వ తేదీని ఆంధ్రప్రదేశమున శ్రీకాకుళము మొదలుకొని చిత్తూరు వఱకుఁ గల 26 జిల్లాలలో, 175 నియోజకవర్గములకు నొక్కనాఁడే పోలింగు జరిగెను. వోటర్లు నాలుగు కోట్లకుఁ బైఁబడి యుండిరి. నూటికి 80 మందికిఁ బైఁగా వచ్చి వోటు వేసిరి. కొన్ని చోట్ల నర్ధరాత్రి దాఁటువఱకు వరుసలో నిలిచిరి. ఇంత శ్రద్ధ గల జనమును జూచి గర్వింపనివాఁ డుండఁడు. ఇఁక నీ లెక్క చూడుఁడు. శాసనసభ యభ్యర్థి చేయఁదగిన వ్యయము 40 లక్షల రూపాయలకు మించరాదని 2022 నుండి నియమము. నియోజకవర్గమునకు సగటున రెండు లక్షల ముప్పదివేలకుఁ బైఁగా వోటర్లు. అనఁగా సభలకును, వాహనములకును, కరపత్రములకును, సమస్తమునకును గలిపి తలకుఁ బదునేడు రూపాయలు! వోటర్లలో సగముమందికి వేయి రూపాయల చొప్పునఁ బంచిన నొక్క నియోజకవర్గమునకే పండ్రెండు కోట్లకు దగ్గఱ యగును. అంత సొమ్ము పంచినవాఁడు దానిని మరల నెక్కడఁ దీయునో వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు.

వేయి రూపాయలను అయిదేండ్ల దినములతో భాగించి, "దినమున కర్ధరూపాయికి నిన్ను నీ వమ్ముకొంటి" వని వోటరును వెక్కిరించుట వక్తలకు వాడుక యైనది. ఆ వెక్కిరింత నాకు రుచింపదు. కూలివాని చేతఁ గొన్ని దినముల సంపాదన యొక్కసారిగాఁ బడినప్పుడు వాఁ డయిదేండ్ల లెక్క వేయఁడు. ఆ మాపటి బియ్యమునకును, తల్లి మందులకును లెక్క వేయును. గెలిచినవాఁడు మరల మా యూరి మొగము చూడఁడు, చేతికి వచ్చునది యీ యొక్కనాఁడే యని వాఁడనును. ఆ మాట పూర్తిగా నబద్ధమని చెప్పఁగలవా రెందఱు?

ఉప్పు తిన్న యింటికిఁ గీడు తలపెట్టరాదనుట మన పెద్దలు నేర్పిన గొప్ప నీతులలో నొకటి. సొమ్ము పంచువాఁడు దీనిని మనకంటె బాగుగా నెఱుఁగును. రహస్యముగా వేయు వోటు కావున వోటరు వ్రేలు ఏ గుర్తుపైఁ బడునో చూడ వానికి వీలు లేదు. వోటరు మాట తప్పఁడను నమ్మకము తప్ప వానికి వేఱు హామీ లేదు. వోటర్లందఱు నబద్ధీకులైనచో నీ బేరము మఱునాఁడే మూఁతపడును. కొన్ని చోట్ల దేవుని పటముపైఁ బ్రమాణము చేయింతు రనియు, ఇరుపక్షముల సొమ్ము ముట్టిన యింట నాలుగు వోటులుండిన రెండిటికి రెండు సరిపెట్టి ఋణము తీర్చుకొందు రనియు వినుచున్నాము. అన్యాయమైన వ్యాపారమునకుఁ బ్రజల సద్గుణమే పెట్టుబడి యగుచున్నది!

ఇచ్చిన మాట యెప్పుడు కట్టును? తన సొత్తును గూర్చి యిచ్చినప్పుడు. బలిచక్రవర్తి మూఁడడుగుల నేల యిచ్చెను, అది యతనిది. హరిశ్చంద్రుఁడు రాజ్య మిచ్చెను, అదియు నతనిదే. ఆలుబిడ్డలను గూడ నమ్మెనుగదా యని యడుగుదురేమో. ఆ కథలో నాకు నచ్చని భాగ మదియే. మహాభారతమున సభలోనికి నీడ్వఁబడిన ద్రౌపది వేసిన ప్రశ్న యిక్కడఁ దలఁపునకు వచ్చుచున్నది. ముందుగాఁ దన్నుఁ దా నోడిపోయినవానికి మఱియొకరిని బందె మొడ్డు నధికార మెక్కడిదని యామె యడిగెను. భీష్ముఁడంతవాఁడు ధర్మము సూక్ష్మమని చెప్పి యూరకుండెను. ఆ భీష్ముఁడే యుద్ధారంభమునఁ దనకు మ్రొక్క వచ్చిన ధర్మరాజుతోఁ దాను కౌరవుల యర్థముచే బద్ధుఁడనని చెప్పుకొనెను. ఉప్పు తిన్న నీతి యొక్కటే దారి చూపినచో నెంతటివాఁ డెక్కడఁ జేరునో యీ రెండు ఘట్టములును జెప్పుచున్నవి.

వోటు వోటరుయొక్క సొంత సొత్తు కాదు. దానిని బిడ్డకు వ్రాసి యీయలేఁడు, తాకట్టు పెట్టలేఁడు, వానితోనే యది పోవును. దాని ఫలము ననుభవించువారో, వోటు రాని పదునేడేండ్ల బాలుఁడు, సొమ్ము ముట్టని యెదురింటి ముసలమ్మ, ఇంకను బుట్టని శిశువు. వీరందఱి పక్షమున వానిచేత నుంచఁబడిన న్యాస మది. 2016లోఁ దమిళనాటి శాసనసభ యెన్నికలు జరిగినప్పుడు అరవకురిచ్చి, తంజావూరు నియోజకవర్గములలో సొమ్ము పంపకమును గారణముగాఁ జూపి యెన్నికల సంఘ మక్కడి యెన్నికలను రద్దు చేసెను. మరల నవంబరులోఁ గాని జరుగలేదు. ఆ నెలలన్నియు నక్కడఁ బైస ముట్టనివారికిఁ గూడ శాసనసభలో సభ్యుఁడు లేకపోయెను. పరుల సొత్తు నమ్ముదునని చేసిన బాస బాసయే కాదు. దానిని దప్పిన నసత్యదోషము రాదు. పటముపైఁ జేయించిన ప్రమాణమైనను నింతే.

అట్లయిన సొమ్ము పుచ్చుకొని యిచ్చవచ్చినవానికి వోటు వేయవచ్చునా? 2017 జనవరిలో నాఁటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవిందు కేజ్రీవాలు గోవా యెన్నికల ప్రచారమున నిట్టి సలహాయే యిచ్చి యెన్నికల సంఘముచే మందలింపఁబడెను. చట్టము దృష్టిలో నిచ్చుటయుఁ బుచ్చుకొనుటయు రెండును నేరములే. చట్టము మాట యటుండ, నీతివిషయమున నీ సలహా నాకు సమ్మతము కాదు. కాలుజాఱి బురదలోఁ బడినవానిని లెమ్మనుట వేఱు. దూఁకి లెమ్మనుట వేఱు. ఇదివఱకే పుచ్చుకొన్నవానితో, "నీ వోటు నీదే, భయపడకు" మని చెప్పవలయును. పుచ్చుకొననివానితో నబద్ధ మాడి సొమ్ము తెచ్చుకొమ్మని చెప్పుట యెట్లు? ఆ మార్గము చివరకుఁ బోవు చోటును గూడఁ జూచితిమి. 2021 అక్టోబరులోఁ దెలంగాణమునందలి హుజూరాబాదు ఉపయెన్నిక వేళఁ గొన్ని గ్రామములవారు తమకు సొమ్ము ముట్టలేదని వీథినిఁబడి యడిగిరి. అక్కడ లంచము కూలిగా మాఱినది.

ప్రభుత్వము లిచ్చు పింఛనులును లంచములే గదా యని కొందఱి వాదము. ప్రకటించి, వోటు వేసినవానికిని వేయనివానికిని సమముగా నిచ్చునది ప్రభుత్వ విధానము. దాని మంచిచెడ్డలు వేఱుగా విచారింపవలసినవి. రాత్రివేళఁ దలుపు తట్టి యొక్కని చేతఁ బెట్టునది లంచము. పక్షముల వాగ్దాన పత్రములలోని మాటలు లంచము క్రిందికి రావని సుప్రీము కోర్టును 2013లోఁ జెప్పినది.

పల్లెవాని ప్రశ్నకు నే నిచ్చిన సమాధాన మింతవఱకు. అయితే వాఁడు పైకి నడుగని రెండవ ప్రశ్న యొకటి కలదు: "తప్పిన మా పేట కేమగును?" వోటు రహస్యమే కాని పేట రహస్యము కాదు. ఒక్కొక్క పోలింగు కేంద్రమునఁ బెక్కుచోట్ల వేయి, పదునైదువందలకు మించని వోటర్లుందురు. కేంద్రము కేంద్రముగా యంత్రములను లెక్కించి, యెవరి కెన్ని వచ్చినవో పట్టిక వ్రాసి ప్రకటింతురు. ఫలానివాఁడు తప్పెనని తెలియకున్నను ఫలాని వాడ తప్పెనని నాయకునకుఁ దెలియును. ఆ పిమ్మట నా వాడకు మంచినీటి గొట్టము వచ్చునో రాదో యను భయముతోఁ గూలివాఁడు మాట నిలుపుకొనినచో దానిని సత్యసంధత యనవచ్చునా? నే ననను. కాగితపు వోటులనాఁడు పలు పెట్టెల కాగితములను గలిపి లెక్కించుటకు వీలుండెడిది. యంత్రముల లెక్కలను నట్లే కలిపి చూపు టోటలైజరు అను పరికరమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008లోఁ బ్రతిపాదించెను. న్యాయసంఘము 2015లోఁ దన 255వ నివేదికలో దానిని సమర్థించెను. 2024లో మన 26 జిల్లాల వోటులును మునుపటివలెఁ గేంద్రము కేంద్రముగనే లెక్కింపఁబడినవి.