పృచ్ఛకుడి ఎదుట కవి

కవిని ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నించే సంప్రదాయం పత్రికల ముఖాముఖిలతో మొదలైందనుకోవడం పొరపాటు; పృచ్ఛకులు, అనగా ప్రశ్నలు వేసే పండితులు, అడిగినదానికల్లా అక్కడికక్కడే పద్యంతో బదులు చెప్పే అవధాన ప్రక్రియ అంతకు ముందే ఆ పని చేసింది. నరసరావుపేటకు చేరువలోని కొప్పరంలో 1885లో పుట్టిన వేంకట సుబ్బరాయకవి, 1887లో పుట్టిన ఆయన తమ్ముడు వేంకటరమణకవి కొప్పరపు సోదర కవులుగా ఈ విద్యలో, ముఖ్యంగా ఆశుకవిత్వంలో, జంట అవధానులైన తిరుపతి వేంకట కవులకు దీటైన ప్రత్యర్థులుగా నిలిచారు.

ఎనిమిది అంశాలను ఒకేసారి నిర్వహించే అష్టావధానంలోని నిషిద్ధాక్షరి అనే అంశంలో కవి ఒక అక్షరం పలకగానే పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. ‘శ్రీ’ అన్న వెంటనే రకారం వద్దంటే శ్రీరాముడి దారి మూసుకుపోతుంది. కవి ‘మా’ అని శ్రీమాత వైపు మళ్లుతాడు, ఛందస్సు మాత్రం చెడకూడదు. ఏ ముఖాముఖీ కవి మనసు మలుపు తిరగడాన్ని ఇంత దగ్గరగా చూపలేదు. ఈలోగా అప్రస్తుత ప్రసంగి, అంటే సంబంధం లేని మాటలతో ఏకాగ్రత చెదరగొట్టడమే పనిగా పెట్టుకున్నవాడు, వంకాయ కూర సంగతి ఎత్తుతాడు. అతడికీ చమత్కారంగా జవాబు చెప్పి, ఆగిన పాదాన్ని ఆగినచోటనే అందుకోవాలి.