బడిగోడ మీద శ్రమ

శ్రామికుణ్ణి చిత్రించాలా వద్దా అన్న ప్రశ్న మన మధ్య యెప్పుడో తేలిపోయింది. చిత్రించాలి. రాజుల్నీ దేవతల్నీ మోసిన గోడలు కావలసినన్ని వున్నాయి. కాని శ్రామికుణ్ణి యెవరి కళ్లెదుట చిత్రిస్తున్నామన్న ప్రశ్నను మనం అంత శ్రద్ధగా వేసుకోలేదనుకుంటాను. నేనైతే వేసుకోలేదు. వొక ప్రాథమిక పాఠశాల గోడ నాచేత ఆ ప్రశ్న వేయించింది.

నిరుడు వేసవిలో నేనూ మా కాలేజీ విద్యార్థులు ఆరుగురూ పక్క వూరి బడికి పెద్ద బొమ్మ వేయడానికి వొప్పుకున్నాం. ప్రార్థన జరిగే ఆవరణ వైపు గోడ. ముప్పయి అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల యెత్తు. పాత సున్నం గీకి, లప్పం పెట్టి, దారంతో చదరాలు కొట్టుకొని, వెదురు పరంజా మీద నిలబడి పనిచేశాం. ఆ గోడ మీద అంతకుముందు చోటా భీమ్ వుండేవాడు. అతణ్ణి చెరిపి ఆ వూరి బతుకునే పెడదామన్నది నేనే. చెరువు, గొర్రెల మంద, మగ్గం, మధ్యలో పెద్దగా నాట్లు. జనవరిలో యాసంగి నాట్లప్పుడు సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటోల నుంచి ఆరుగురు కూలీ స్త్రీలను గీశాం. మా విద్యార్థి మనసులో మీలే గీసిన పరిగె యేరుకునే స్త్రీల బొమ్మ వుంది. అతనికి దాన్ని చూపించిందీ నేనే.

జూన్‌లో బడి తెరిచేనాటికి పని ముగియలేదు. మూడో తరగతి పిల్ల వొకతె పరంజా కిందికొచ్చి, "సార్, గా కొసకున్నది మా అమ్మనే. తీసెయ్యున్రి" అన్నది. నిజమే. నీలం చీర మీద మగవాళ్ల నిండుచేతుల చొక్కా, తలకు యెర్ర తువ్వాల, వంగిన నడుము. ముఖం సగమే కనిపిస్తుంది, అయినా వూళ్లో అందరూ గుర్తుపట్టారు. పిల్లలు అప్పటికే ఆ అమ్మాయికి "వంగినమ్మ బిడ్డ" అని పేరు పెట్టారు.

ఆ సాయంత్రం మాలో పెద్ద వాదం జరిగింది. తీసేస్తే అబద్ధం గీసినట్టేనని వొకరన్నారు. శ్రమను చూసి సిగ్గుపడటం యీ సమాజం నేర్పిన జబ్బు, దానికి మనం లొంగుతామా అన్నారు మరొకరు. నాట్లు వేసే తల్లికే పుట్టిన విద్యార్థి వొకడున్నాడు. "సిగ్గుపడాల్సింది మేం కాదు సార్" అన్నాడతను. ఆ మాటకు నేను తలవంచాను. కాని ఆ మాట అనగలగడానికి అతనికి యిరవై రెండేళ్లు వచ్చాయి, కొన్ని పుస్తకాలూ కొన్ని అవమానాలూ కావలసివచ్చాయి. యెనిమిదేళ్ల పిల్ల రోజూ ప్రార్థనలో దాని యెదుట నిలబడాలి. సమాజం జబ్బును నయంచేసే ఖర్చు ఆ పిల్ల దగ్గర వసూలు చేయడం యే న్యాయం?

మీలే ఆ బొమ్మను 1857లో పారిస్ సాలోన్‌లో ప్రదర్శించినప్పుడు పెద్దమనుషులు కలవరపడ్డారు. వంగిన ఆ ముగ్గురు పేదల వెనక తిరుగుబాటు నీడ కనిపించింది వాళ్లకు. 1923లో మెక్సికో విద్యాశాఖ భవనం గోడల మీద రివేరా గని కార్మికుణ్ణి గీశాడు. గని నుంచి బయటికొచ్చిన మనిషిని చేతులు చాపించి సోదా చేస్తున్న దృశ్యమది. చూసే అధికారికి ఆ బొమ్మ వొక నేరారోపణ. మా బొమ్మ కూడా కలెక్టరు కచేరీలో వుంటే ఆ పనే చేసేదేమో. పరిగె యేరుకునే ఆమె బిడ్డ ముందు పెడితే ఆరోపణ యెవరిమీద? పిల్లకు అందులో తన యింటి దైన్యమే కనిపిస్తుంది. బొమ్మ మారలేదు, యెదుట నిలబడ్డవాళ్లు మారారు. అర్థం అక్కడే తిరగబడింది.

మన చేర్యాల నకాశీ పటాలు నాకు యీ సందర్భంలోనే గుర్తొచ్చాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేది, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పేది పటం పట్టుకొనే. పటం ముందు కూర్చునేవాళ్ల కథే పటంలో వుంటుంది. అందులో నేతగాడంటే మగ్గం మీది చేతులు మాత్రమే కాదు. అతనికి మూలపురుషుడున్నాడు, పెళ్లి వుంది, రాక్షసులతో యుద్ధం వుంది. కట్టుకథలే, కాదనను. కులం కట్టును బిగించే పని కూడా ఆ కథలు చేశాయి, కాబట్టి వాటిని ఆదర్శంగా నిలబెట్టలేను. అయినా మేము గీసిన ఆరుగురికి వంగిన నడుము తప్ప మరేమైనా యిచ్చామా? వాస్తవికత అని నేను గర్వపడ్డది ఫొటోకు అందినంత మేరకే.

మర్నాడు ఆ తల్లినే అడగడానికి వెళ్లాను. మొదటే అడగవలసింది, ఫొటో తీసినప్పుడు పేరైనా కనుక్కోలేదు. బిడ్డ అలిగిన సంగతి విని నవ్వింది. "పొద్దందాక వంగుడే గద సారూ. గోడ మీద గూడ వంగుడేనా? గీస్తే నిలవడ్డప్పుడు గీయున్రి" అన్నది.

ఆ చివరి బొమ్మను చెరిపి మళ్లీ గీశాం. వొక చేత నారుకట్ట, రెండో చెయ్యి నడుము మీద. వెన్ను నిటారుగా చేసుకొని బడి ఆవరణ కేసి చూస్తున్నది. నిజానికి నాట్లు వేసేవాళ్లు గంటకు పదిసార్లు అలా నిలబడతారు. మా ఫొటోల్లోనూ అది వుంది. అందంగా లేదని మేమే పక్కన పెట్టాం. నా విద్యార్థి యిప్పటికీ మేము లొంగిపోయామనే అంటాడు. అతనికి పూర్తిగా జవాబు చెప్పగలనని నేననుకోను. రేపు బియ్యం మిల్లు యజమాని వచ్చి తన బొమ్మ బాగాలేదంటే అదీ మారుస్తారా అని అడిగాడు. మార్చను. బొమ్మలో వుండటం వల్ల నష్టపోయే మనిషి మాటా, బొమ్మవల్ల గుట్టు బయటపడే మనిషి మాటా వొకటి కావు. యీ రెంటికీ మధ్య గీత ప్రతిసారీ స్పష్టంగా వుంటుందన్న భ్రమ మాత్రం నాకు లేదు.

ఆమె వరసలో మిగతా ఐదుగురు యింకా వంగే వున్నారు. వాళ్లలో యిద్దరి పిల్లలు అదే బడిలో చదువుతున్నారు. వాళ్లేమీ అనలేదు. నేనింకా అడగలేదు.