గుడికి ఇచ్చిన ఏనుగు

కేరళలోని గురువాయూరు గుడికి దగ్గర్లోనే పున్నత్తూరు కోట. ఒకప్పుడు రాజుల నివాసం, ఇప్పుడు భక్తులు కృష్ణుడికి సమర్పించిన ఏనుగుల ఆవాసం. వెళ్లినవాళ్లకు ముందు కనిపించేది తాటిమట్టలు నమిలే ఏనుగు, తర్వాత దాని కాలి గొలుసు. మావటి కొబ్బరి పీచుతో ఒళ్లు రుద్దుతుంటే అది పక్కకు ఒరిగి, కళ్లు అరమోడ్చి పడుకుంటుంది. ఆ ఇద్దరి మధ్యా ప్రేమ ఉంది, కాదనలేం. గొలుసూ ఉంది.

1922లో నిలంబూరు రాజకుటుంబం ఈ గుడికి సమర్పించిన ఏనుగు కేశవన్ 1976లో సరిగ్గా గురువాయూరు ఏకాదశినాడు కన్నుమూశాడు. భక్తులకు అది మోక్షమే.

కానీ ప్రాణాన్ని కానుకగా ఇచ్చే హక్కు ఎవరిది? పువ్వూ బెల్లమూ బంగారమూ మనవి గనుక ఇస్తాం. అడవిలో తల్లి వెంట తిరగాల్సిన గున్న ఎవరి సొత్తు? పోతన గజేంద్రమోక్షం వింటూ పెరిగిన తెలుగువారికి ఈ ప్రశ్న మరీ గుచ్చుకోవాలి. అక్కడ విష్ణువు పరుగెత్తుకొచ్చింది మొసలి పట్టిన ఏనుగు కాలు విడిపించడానికే. కాలు కట్టేసిన ఏనుగును ఆయనకే అప్పగించడం భక్తి ఎలా అవుతుంది?

ఇక ప్రాణమున్న ఏనుగును తేబోమని త్రిసూర్ జిల్లా ఇరింజాడప్పిల్లి శ్రీకృష్ణాలయం నిశ్చయించుకుంది. 2023 ఫిబ్రవరి నుంచి అక్కడ చెవులాడించే యంత్రపు ఏనుగు రామన్ దేవుణ్ణి మోస్తోంది.